హనెకావా చారులో ఉప్పెంత?

"హనెకావా పురప్రజలకు విజ్ఞప్తి. రేపు ఉదయం పది గంటలకు మూడో వార్డులో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇంటింటికీ వచ్చి, మీరు తాగే మిసో చారులో ఉప్పెంత ఉందో కొలుస్తారు. ఇది ఆకస్మిక తనిఖీ. కావున అందరూ సిద్ధంగా ఉండవలసిందిగా కోరడమైనది."

భూకంపం వచ్చినా, వాగు పొంగినా, కొండ మీంచి ఎలుగుబంటి దిగినా చెప్పడానికి ఊరంతా స్తంభాలకు కట్టిన లౌడుస్పీకర్లలోంచి ఈ ప్రకటన రెండుసార్లు వినిపించింది. రెండోసారి చెవుడున్నవాళ్ల కోసం. హనెకావాలో సగటు వయసు అరవై ఎనిమిది కనుక ముందుజాగ్రత్తగా మూడోసారి కూడా వినిపించింది.

ఆ విద్యార్థులు ఐదుగురు. ప్రజారోగ్య శాస్త్రంలో డిగ్రీ మూడో సంవత్సరం. వాళ్ల విశ్వవిద్యాలయం పద్ధతి మహా శాస్త్రీయమైనది. ప్రజారోగ్యంలో ఆరోగ్యాన్ని రెండున్నరేళ్లు తరగతి గదిలో బోధించి, ప్రజల్ని ఆరు వారాలు బయట చూపిస్తారు. ఆ ఆరు వారాల ముందు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ఉంటుంది. గృహస్థు ముందు నడుం ఎంత వంచాలి, పురపాలక అధికారి ముందు ఇంకెంత వంచాలి, కరపత్రం రెండు చేతులతో ఎలా అందించాలి, గుమ్మం దగ్గర చెప్పులు ఏ వైపు తిప్పి విడవాలి, అన్నీ నేర్పుతారు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెయ్యాలన్నది మాత్రం పాఠ్యప్రణాళికలో లేదు. ప్రజలు ప్రశ్నలు అడిగినట్టు గత నివేదికల్లో ఎక్కడా ఆధారం దొరకలేదు.

ఐదుగురిలో ఓయికావా సయో అనే అమ్మాయికి లెక్కల్లో ఎప్పుడూ మొదటి స్థానం. లక్షమంది రక్తపోటు ఒక్క గీతలో గీసి చూపగలదు. కానీ రక్తపోటున్న మనిషి పక్కన కూర్చుని అన్నం తిన్న అనుభవం ఆమెకు లేదు. తనిఖీ మొదటి రోజు ఆ లోటు తీరింది. మూడో వార్డులో తొమె మామ్మ ఇంట్లో ఆమెకు భోజనం పెట్టారు. మామ్మకు ఎనభై రెండేళ్లు. భర్త గెంజొ తాతకు ఎనభై నాలుగేళ్లు, రక్తపోటు నూట ఎనభై ఎనిమిది. ఆయన అన్నగారు నాలుగేళ్ల కిందట వరి కోస్తూ కోస్తూ మడిలోనే పక్షవాతంతో కూలిపోయాడు. తాతదీ ఇప్పుడు అదే మడి, అదే కొడవలి, అదే ఊరగాయ.

పులియబెట్టిన ఉప్పటి సోయా ముద్ద కలిపి కాచే ఆ మిసో చారులో సయో ఉప్పు కొలిచే మీటరు ముంచింది. సున్నా పాయింటు ఐదు శాతం. జిల్లా లక్ష్యం సున్నా పాయింటు ఎనిమిది. పక్కింట్లోనూ సున్నా పాయింటు ఐదే. ఆ పక్కింట్లోనూ అంతే. వారం తిరిగేసరికి ఊళ్లో నాలుగు వందల పన్నెండు గిన్నెల సగటు అదే తేలింది. ఏటా పక్షవాతంలో జిల్లాకే తలమానికంగా నిలిచే ఊరిలో మిసో చారు, గిన్నె కడిగిన నీళ్లకు అన్నదమ్ముడిలా ఉంది.

పురపాలక ఆరోగ్య విభాగాధిపతి కొషియామాగారు ఆనందంతో కళ్లజోడు తుడుచుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదు కొట్టకముందే అంకెల మీద ఎర్రముద్ర కొట్టి జిల్లాకు పంపేశారు. సోమవారానికల్లా "అల్పలవణ ఆదర్శ పట్టణం" అన్న ఇత్తడి ఫలకం వస్తుందని కబురు వచ్చింది. మరి ఇంతమందికి పక్షవాతం ఎందుకొస్తోందని ఎవరూ అడగలేదు. పక్షవాతం కొషియామాగారి పరిధిలోకి రాదు. అది రెండో అంతస్తు.

శనివారం నాడు సయో తొమె మామ్మ ఇంట్లో మర్చిపోయిన వానకోటు కోసం వెళ్లింది. ఆ రోజు ప్రకటన లేదు. మామ్మా తాతా భోజనాల దగ్గర కూర్చున్నారు. పొయ్యి మీద చారు రంగు చూసి సయో అది సోయా సాస్ అనుకుంది. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ పళ్లెం నిండా ఉంది. చేతిలో మీటరు ఉండటం వల్లా, అలవాటు వల్లా గిన్నెలో ముంచింది. ఒకటి పాయింటు ఆరు!

"మామ్మగారూ, ఇదేంటండీ? మొన్న ఇందులో సగం కూడా లేదుగా!"

"మొన్నటిది మీ చారు తల్లీ. ఇది మా చారు," అంది మామ్మ ఏ మాత్రం తొణక్కుండా.

"మా చారా?"

"ఆఁ. మైకులో చెప్పగానే ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్లు పెట్టుకుంటాం. మీరు గుమ్మంలో 'నమస్కారమండీ' అనగానే చారులో వంచేస్తాం. ఊరగాయ జాడీ స్నానాలగదిలోకి పోతుంది. పక్క వీధి వాళ్లు కుట్టుమిషను కింద పెడతారట. మాకంత చోటు లేదు."

"ఎందుకండీ ఇదంతా?"

మామ్మ ఆమె వైపు జాలిగా చూసింది. "అదేం ప్రశ్నే పిల్లా! ఇంత దూరం నుంచి వచ్చారు, పాపం ఎండుచేపల్లా ఉన్నారు. ఉప్పు ఎక్కువొస్తే మీకు మార్కులు తగ్గుతాయి కదూ? కిరాణా కొట్లో అందరం మాట్లాడుకున్నాం. మన వల్ల పిల్లల చదువు పాడవకూడదని."

"మరి తనిఖీ అయ్యాక ఆ పలచటి చారు పారబోస్తారా?"

"పారబోస్తారేంటి, కళ్లు పోవూ? తాగేస్తాం."

"తాగించేస్తుంది," అన్నాడు గెంజొ తాత. "వారం రోజులు మీరొచ్చారు, వారం రోజులు నేను పాపం చేసినవాడిలా వేణ్ణీళ్లు తాగాను. అమ్మాయ్, మళ్లీ ఎప్పుడొస్తారో కాస్త ముందే చెప్పు. ఆ రోజు కొండకి పోతాను."

ఊరు మొత్తం తన మార్కుల కోసం అబద్ధమాడిందని తెలిసి సయోకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు రావాలో శిక్షణలో చెప్పలేదు. సోమవారం పొద్దున్నే కొషియామాగారి బల్ల ముందు, నేర్పిన కోణం కంటే పది డిగ్రీలు ఎక్కువ వంగి, జరిగింది చెప్పింది.

ఆయన ఓపిగ్గా విన్నారు. "ఓయికావాగారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ముద్ర పడిపోయింది. ముద్ర పడ్డాక నిజం మారితే ఆ బాధ్యత నిజానిదే కదండీ."

సయో బస చేరి, కిటికీ లోంచి వరుసగా పొగలు కక్కుతున్న, ముల్లంగికి పొగబెట్టే పాకల్ని చాలాసేపు చూసింది. నూట ఎనభై ఎనిమిది అన్న అంకె ఆమెను వదల్లేదు. ఇన్నాళ్లూ అలాంటి అంకెలు గీతలో ఒక చుక్క. ఇప్పుడు ఆ చుక్కకు రెండు పళ్లు లేవు, పేకాటలో మోసం చేస్తుంది, వెళ్లేటప్పుడు జేబులో బలవంతంగా ఎండు ఖర్జూరంలాంటి పెర్సిమన్ పళ్లు కుక్కుతుంది. ఆలోచించగా ఆలోచించగా ఆమెకు ఒక విషయం తట్టింది. తనిఖీ ఉన్న రోజు ఊరంతా పలచటి చారే తాగుతుంది. అయితే తనిఖీ లేని రోజంటూ ఉండకూడదు.

మర్నాడు ఆమె "నిరంతర నాణ్యతా పునఃపరిశీలన" అనే పథకం రాసి ఇచ్చింది. అందులో ఏముందో కొషియామాగారు చదవలేదు. పేరులోని మూడు పదాలూ బరువైనవి కనుక వెంటనే ఆమోదించారు. ఆ సాయంత్రం నుంచి లౌడుస్పీకర్లు రోజూ మోగాయి: "రేపు మూడు పూటలా, ఏ వార్డుకైనా, ఏ ఇంటికైనా రావచ్చు. సిద్ధంగా ఉండగలరు." మిగతా నలుగురు విద్యార్థులు అధికారిక కార్యక్రమం ప్రకారం పురమందిరంలో ఉప్పు రాక్షసుడి వేషం కట్టి నాటకాలు ఆడారు. రాక్షసుడికి అభిమానులు పెరిగి, పిల్లలు అతని బొమ్మ ఉన్న ఉప్పు పొట్లాలు కావాలని మారాం చేశారు. సయో మాత్రం సైకిలెక్కి మీటరు పట్టుకుని వీధులు తిరిగింది.

పథకం మొదలైన వారం ఊరు ఆమెను తిట్టుకుంది. "మళ్లీ వచ్చావటే తల్లీ! మా చారు మీద మనసు పడ్డావా, మా ఆయన మీదా?" అని ఒక ముసలమ్మ నిలదీసింది. మూడో వారం ఫ్లాస్కులో నీళ్లు కాచీ కాచీ విసిగిపోయి, వంచడమెందుకని ఆడవాళ్లు మొదట్లోనే మిసో తగ్గించి వండటం మొదలెట్టారు. రుచి కోసం ఎండుచేపా పుట్టగొడుగులూ కాస్త ఎక్కువ వేశారు. స్నానాలగదికి మొయ్యలేక ఊరగాయ జాడీ కొట్టుగదిలోనే ఉండిపోయింది. నాలుగో వారంలో తొమె మామ్మ బస్టాండు దగ్గర నూడుల్స్ తిని, దుకాణదారుణ్ణి కడిగేసి వచ్చి సయోకు చెప్పింది.

"సముద్రాన్ని గిన్నెలో పోసి అమ్ముతున్నావేంట్రా అని అడిగేశానే! ఇరవై ఏళ్ల నుంచీ ఇలాగే చేస్తున్నానంటాడు. సిగ్గులేకుండా చెప్తాడు కూడా!"

ఐదో వారంలో క్లినిక్కు డాక్టరుగారు గెంజొ తాత చేతికి పట్టీ కట్టి చూస్తే నూట నలభై ఆరు వచ్చింది. యంత్రం చెడిపోయిందని నిర్ధారించి కొత్తది తెప్పించారు. అందులోనూ నూట నలభై ఆరే. కొత్తది కూడా లోపభూయిష్టమని కంపెనీకి తిప్పి పంపారు. ఆ తర్వాత ఊళ్లో సగంమందికి యంత్రం అలాగే "చెడిపోవడం"తో ఆయన కొంత ఆలోచనలో పడ్డారు. తన పుస్తకంలోని అంకెలు సయోకు చూపించారు. వాటిని నివేదికలో చేర్చమని ఆమె అడిగితే, చారు కింది అంతస్తుదనీ రక్తపోటు పై అంతస్తుదనీ రెండూ ఒకే కాగితం మీదకు రావడం మున్నెన్నడూ జరగలేదనీ కొషియామాగారు వివరించారు.

ఆరో వారం చివర పురమందిరంలో ముగింపు సభ. విద్యార్థుల ప్రొఫెసర్ మికామి మాస్టారు రాజధాని నుంచి స్వయంగా వచ్చారు. వేదిక మీద ఇత్తడి ఫలకం, దాని కింద ఫలితాల పట్టిక. కార్యక్రమానికి ముందు సగటు: సున్నా పాయింటు ఐదు. కార్యక్రమం తర్వాత: సున్నా పాయింటు ఏడు.

రోజూ తాగదగిన చారు అంతే మరి.

మాస్టారు లేచారు. "మిత్రులారా! గణాంకాలు నిర్దాక్షిణ్యమైనవి. మన విద్యార్థులు ఈ ఊళ్లో అడుగుపెట్టాక ఉప్పు వాడకం నలభై శాతం పెరిగింది. అత్యధికంగా ఇళ్లకు వెళ్లింది ఓయికావా. కనుక పెరుగుదలకు ఆమె రాకపోకలే కారణమని నేను గట్టిగా అనుమానిస్తున్నాను. ప్రజారోగ్యంలో ప్రజల మధ్య అతిగా తిరగడం ప్రమాదకరమని నేను ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను!"

చప్పట్లు మోగాయి. సయో లేచి నిలబడింది. "మాస్టారూ, మొదటి అంకె తప్పండి. అప్పుడు అందరూ వేణ్ణీళ్లు పోశారు. అసలైన చారు ఒకటి పాయింటు ఆరు. ఇప్పుడు నిజంగా తగ్గింది. డాక్టరుగారి పుస్తకం చూడండి."

"ప్రజలు అబద్ధం చెప్పవచ్చు తల్లీ. సగటు చెప్పదు," అన్నారు మాస్టారు వాత్సల్యంగా. "మొదటి అంకె తప్పంటే ఫలకం తప్పు. ఫలకం తప్పంటే జిల్లా తప్పు. జిల్లా తప్పంటే... కూర్చో అమ్మా, మంచినీళ్లు తాగు."

వెనక వరసలో తొమె మామ్మ లేచింది. "ఏవండీ ప్రొఫెసరుగారూ, అంటే మా పిల్లకి మార్కులు తగ్గిస్తారా?"

"నిబంధనల ప్రకారం ఉత్తీర్ణత కష్టమేనండి."

"రేపు ఇంకోసారి కొలవచ్చా?"

మాస్టారు కొషియామాగారిని చూశారు. కొషియామాగారు నిబంధనల పుస్తకం చూశారు. కొలవవచ్చు.

మర్నాడు హనెకావాలో సగటు సున్నా పాయింటు రెండు వచ్చింది. ఆ ద్రవంలో మిసో ఉందేమోనని మీటరు అనుమానించింది, అంతే. గెంజొ తాత గిన్నె ఎత్తి, "అమ్మాయ్, ఇవాళ నీకోసం మంచినీళ్లు ఉడకబెట్టి తాగుతున్నాను. ఇంతకంటే త్యాగం నేను పెళ్లిలో కూడా చెయ్యలేదు," అన్నాడు.

ఉప్పు అరవై శాతం తగ్గినట్టు మికామి మాస్టారు ప్రకటించారు. సయోకు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. మొదటి అంకె అబద్ధం. చివరి అంకె అబద్ధం. ఆ రెంటి మధ్యలో ఒక ఊరి ప్రాణాలు కొంచెం గట్టిపడ్డాయి, దానికి అంకె లేదు. నిజం పట్టుకుని కూర్చుంటే తను పరీక్ష తప్పుతుంది, వచ్చే ఏడాది విద్యార్థులు రారు, సైకిలు రాదు, మళ్లీ కొట్టుగది లోంచి జాడీ బయటికొస్తుంది. కిటికీ బయట తొమె మామ్మ కన్ను కొట్టబోయి, ఒంటి కన్ను మూయడం చేతకాక రెండూ మూసింది. సయో చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన్ని నమోదు చేసే గడి ఫారంలో లేదు. ఆమె సంతకం పెట్టింది. "ప్రజల సహకారం" అన్న గడిలో మాత్రం తనకు తోచింది రాసింది: అపారం.

ఆమెకు అత్యున్నత శ్రేణి వచ్చింది. మరుసటి సంవత్సరం జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ఉద్యోగం ఖాయమైంది. చేరే ముందు వైద్యపరీక్ష చేయించుకుని పత్రం తేవాలన్నారు. తారీకు తెలియగానే సయో మూడు రోజులు పొట్లం నూడుల్స్ మానేసి, చిప్స్ ముట్టకుండా, మెట్లెక్కి దిగి, తొమ్మిదింటికల్లా పడుకుంది. పరీక్ష చేసిన నర్సు "ప్రజారోగ్యం చదివినవాళ్లంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకుంది.

ఆ మూడు రోజుల సంగతి మీకు వివరించడం దండగ. షుగరు పరీక్షకు తారీకు తీసుకున్న ప్రతి పాఠకుడికీ ఆ శిక్షణ ఎప్పుడో పూర్తయింది.