మామగారు దిద్దిన స్క్విడ్

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేసి, బొమ్మను ఆఖరుసారి చూసుకుని, ప్రింటింగ్ షాపుకు పంపి, మధ్యాహ్నానికల్లా మ్యూజియంలో ఉండాలి. తల తుడుచుకునేసరికే ఆలస్యమైపోయింది. అందుకని ఆఖరుసారి చూసుకోవడం ఒక్కటీ మానేసి పంపేసింది.

ఆ బొమ్మ, వెలుతురు సరిగా చేరని లోతు సముద్రంలో బతికే ఎర్రటి స్క్విడ్, ఆక్టోపస్‌కు దగ్గరి చుట్టం. ఒంటినిండా మెరిసే చుక్కలు, ఎనిమిది చేతులు, అవి కాక వేటకు సాచే పొడవాటి టెంటకిల్స్ రెండు. దాని ఎడమ కన్ను కుడి కన్నుకు రెండింతలు ఉంటుంది. పుట్టుకే అంత. కోడలు మూడు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో చేతినీ ఒక్కో పొర మీద విడిగా గీసి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. బొమ్మ కింద చేతుల సంగతి రాసింది. కళ్ళ సంగతి తానే రాస్తానని ప్రొఫెసరు గారు అన్నారు కాబట్టి ఆ జాగా ఖాళీగా వదిలేసింది.

ఆ ప్రొఫెసరు గారిని విద్యార్థులు భూతద్దం అంటారు. ఇదివరకు ముగ్గురు చిత్రకారులను తలో తప్పూ పట్టుకుని ఇంటికి పంపారు. ఆ మధ్యాహ్నం మ్యూజియం గోడ మీద ఈ స్క్విడ్‌ను చూసి ఆయన ఊ అంటే, సముద్రపు అడుగు జీవుల పుస్తకం మొత్తానికి బొమ్మలు ఆమే వెయ్యాలి. ఆ పుస్తకాన్ని నమ్ముకుని ఆమె ఉన్న ఉద్యోగం కాస్తా మానేసింది.

ఇంట్లో ఇంకో భూతద్దం ఉంది. మామగారు. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరయ్యారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈయనకు ఉద్యోగంతో వచ్చిన బుద్ధి పింఛనుతో కూడా పోలేదు. మందు సీసా మీది కాగితం కూడా ఎర్ర పెన్నుతో దిద్దాకే మందు తాగుతారు. మూడు నెలలుగా కోడలి పక్కన కుర్చీ వేసుకుని, "ఇది నొక్కితే ఏమవుతుందమ్మా?" అని అడిగి అడిగి కంప్యూటర్ పని కూడా కాస్త వంటబట్టించుకున్నారు.

కోడలు స్నానంలో ఉండగా ఆయన కాఫీ గ్లాసుతో అటు వచ్చారు. తెర మీద స్క్విడ్ ఆయనకేసి చూస్తోంది. ఒక కన్ను నిమ్మకాయంత, ఒక కన్ను ఉసిరికాయంత. ఆయన గుండె కలుక్కుమంది. పిల్ల ఎంత అలిసిపోతే ఇంత తప్పు చేస్తుంది? చెబితే చిన్నబుచ్చుకుంటుంది. అందుకని చప్పుడు చెయ్యకుండా పెద్ద కన్నును కాపీ చేసి, అటుదిటు తిప్పి, చిన్న కన్ను మీద పెట్టారు. ఎలాగూ కూర్చున్నాను కదా అని మిగతా బొమ్మంతా కూడా ఒకసారి పైనుంచి కింది దాకా చూశారు. తర్వాత ఏమీ ఎరగనట్టు వెళ్ళి పేపరు తెరిచారు.

మ్యూజియంలో గోడనిండా బొమ్మ అతికించి ఉంది. కోడలు చూసి మొదట మురిసిపోయింది. మళ్ళీ చూసి కళ్ళు నులుముకుంది. తన కళ్ళు సరిగానే ఉన్నాయి. స్క్విడ్ కళ్ళు కూడా సరిసమానంగా ఉన్నాయి. అదే కొంప ముంచింది.

"బొమ్మలో ఏం మార్చారండీ?" అని ప్రింటింగ్ షాపుకు ఫోన్ చేసింది.

"మేమెందుకు మారుస్తాం మేడం? పోయిన వారం నమూనాలో ఒక కన్ను చిన్నదుంది, ఇవాళ రెండూ పెద్దవొచ్చాయి. అనుమానమొచ్చి మీ ఇంటికి ఫోన్ చేస్తే పెద్దాయన ఎత్తారు. కొత్తదే కరెక్టన్నారు. పాతది చూసి నవ్వుకోకండి, పిల్ల అలిసిపోయిందని కూడా చెప్పారు."

కోడలు ఇంటికి ఫోన్ చేసింది. "మామయ్యగారూ, ఆ కన్ను మీరేమైనా ముట్టుకున్నారా?"

"నేనే సర్దానమ్మా. మనలో మనకు థాంక్సులెందుకులే."

"అది చిన్నగానే ఉండాలి మామయ్యగారూ. పెద్దది పైనుంచి వచ్చే కాస్త వెలుతుర్ని చూస్తుంది. చిన్నది కింద చీకట్లో మెరిసేవాటిని చూస్తుంది."

అవతల పేపరు మడిచిన చప్పుడైంది.

"ఒకటి పైకి, ఒకటి కిందికా? మరి ఎదురుగా వచ్చేదాని సంగతేమిటి?"

"ఎదురుగా ప్రొఫెసరు గారు వస్తున్నారు. మీరింక దేన్నీ ముట్టుకోకండి."

ఆఖరి మాట ఆయన వినలేదు. అప్పటికే ఫోన్ పెట్టేసి షాపుకు చేస్తున్నారు. "చిన్న కన్ను ఒకటి స్టిక్కరు వేసి అర్జంటుగా మ్యూజియానికి పంపు నాయనా."

ఆ వెంటనే కోడలూ అదే షాపుకు చేసింది. "పోయిన వారం నమూనాయే మొత్తం మళ్ళీ వేసివ్వండి, మీకు పుణ్యముంటుంది."

"సాయంత్రమవుతుంది మేడం. కన్ను మటుకైతే ఇప్పుడే స్టిక్కరు పంపగలం."

"సరే, చిన్న కన్ను ఒకటి పంపండి."

షాపాయన ఆలోచించాడు. ఒకే ఇంటి నుంచి రెండు ఫోన్లు, రెండు చిన్న కళ్ళు. బొమ్మకు ఉన్నవీ రెండు కళ్ళే. లెక్క కుదిరిందనుకున్నాడు.

కోడలు గేటు దగ్గర ప్రొఫెసరు గారిని ఆపి, ఎండ గురించీ, కారు పెట్టుకునే చోటు గురించీ, ఆయన మోకాళ్ళ గురించీ మాట్లాడింది. షాపు మనిషి లోపలికి వెళ్ళి పని ముగించుకుని, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆమె అమ్మయ్య అనుకుని ప్రొఫెసరు గారిని లోపలికి తీసుకెళ్ళింది. గోడ మీద స్క్విడ్ రెండు చిన్న కళ్ళతో, అప్పుడే నిద్ర లేచినట్టు చూస్తోంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే మామగారు రొప్పుతూ వచ్చారు. "అమ్మాయ్, నేను పంపిన కన్ను అందిందా?"

"మీరు కూడా పంపారా?"

"వీరెవరు? కన్నేమిటి, పంపడమేమిటి?" అన్నారు ప్రొఫెసరు గారు.

కోడలికి అంతా అర్థమైంది. ఉద్యోగమూ పోయింది, పుస్తకమూ పోయింది. మామగారి మీద ఇన్నేళ్ళలో ఎన్నడూ రానంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే స్టూలెక్కి, స్క్విడ్ ఎడమ కంటి మీది స్టిక్కరును గోటితో లేపి బర్రున లాగేసింది. కింద పెద్ద కన్ను బయటపడింది.

"ఇప్పుడు బాగుంది," అన్నారు ప్రొఫెసరు గారు. "కానీ నేనొచ్చింది కన్ను కోసం కాదు."

జేబులోంచి పెన్ను తీసి, దాంతో చూపిస్తూ స్క్విడ్ చేతులు లెక్కపెట్టారు. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టారు. ఆయన ముఖంలో అయోమయం.

"ఎనిమిదే ఉన్నాయే."

"ఎనిమిదే కదండీ ఉండాలి."

"ఉండాలి. పోయిన వారం మీరు పంపిన నమూనాలో తొమ్మిదున్నాయి. మీరు వద్దనే మాట ఫోన్లో అనడం బాగుండదని, మొహం మీదే చెప్పి పోదామని వచ్చాను. ఎప్పుడు దిద్దారు?"

కోడలు స్టూలు దిగి తానూ చేతులు లెక్కపెట్టింది. వంపు ఎలా ఉంటుందో చూద్దామని ఒక చేతిని ఇంకో పొర మీదికి కాపీ చేసుకోవడం గుర్తొచ్చింది. దాన్ని తీసెయ్యడం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పాత నమూనాయే మొత్తం వేసివ్వమని ఇందాక తాను బతిమాలుకోవడం మాత్రం బాగా గుర్తొచ్చింది.

వెనకనుంచి మామగారు చిన్నగా దగ్గారు. "కింద ఎనిమిది చేతులని రాసుంది కదమ్మా. వేసినవి తొమ్మిది. రెంటికీ పొంతన లేదని ఒకటి తీసేశాను. ఈ కన్ను గొడవలో పడి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను."

"చేతులు సరే. మరి కన్నెందుకు మార్చారు?" అన్నారు ప్రొఫెసరు గారు.

"కన్ను గురించి కింద ఎవరూ ఏమీ రాయలేదు కదండీ."

ప్రొఫెసరు గారు తాను రాస్తానన్న ఆ ఖాళీ జాగాకేసి చాలాసేపు చూశారు. తర్వాత ఇంకెక్కడికో చూశారు.

పుస్తకం కోడలికే వచ్చింది. ప్రూఫులు మామగారే చూడాలన్నది ప్రొఫెసరు గారు పెట్టిన షరతు. "ఇకమీదట దేన్ని ముట్టుకున్నా నాతో చెప్పి ముట్టుకోండి మామయ్యగారూ," అని కోడలు దారిపొడుగునా బతిమాలితే, ఆయన బుద్ధిగా తలూపారు.

మర్నాడు పొద్దున ఆమె కొత్త ఆక్టోపస్‌కు ఐదు చేతులు గీసి, మిగతావి వచ్చాక గీద్దామని స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఎనిమిది ఉన్నాయి.