బంతి తలుపు దగ్గర భూతం

మదనపల్లె కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మునిశేఖర్‌కు, కూతురు ప్రీతి తాంబూలాల రోజు పొద్దున కాఫీ తాగుతుండగా ఓ ఆలోచన పుట్టింది. పుంగనూరు కల్యాణమండపంలో భోజనాలకు రెండు హాళ్లు, రెంటికీ ఒకటే తలుపు. గబగబా తినేవాళ్లనూ నిదానంగా తినేవాళ్లనూ కలిపి కూర్చోబెడితే బంతి ఎప్పటికి లేవాలి?

"వేడీ చల్లనా కలిసినాక వాటంతటవి విడిపోవని థర్మోడైనమిక్స్ రెండో నియమం. తలుపు కాడ బుల్లి భూతముండి, జోరుగా వచ్చే అణువును అటు, నిదానంగా వచ్చేదాన్ని ఇటు పంపితే విడిపోవా అని సైంటిస్టు మాక్స్‌వెల్ అడిగినాడు. సూసి పంపడమే, ఖర్చేమీ లే."

"భూతాన్ని యాడ తెస్తారు?" అంది భార్య యమున.

"నేనే నిలబడతా."

"అయితే తెచ్చినట్టే."

మధ్యాహ్నం మునిశేఖర్ తలుపు పట్టుకున్నాడు. పడుచువాళ్లు పెద్ద హాలుకు, ముసలివాళ్లు చిన్న హాలుకు. కుప్పం నుంచి పెళ్లికొడుకు తరఫున వచ్చినవాళ్లంతా పెద్దవయసువాళ్లే, అందరూ చిన్న హాల్లో పడ్డారు.

"మమ్మల్ని యాల ఏరి ఈడ పెడతాండారు?" అంది పెళ్లికొడుకు మేనత్త కెంపమ్మ. తన ఇంట్లో కూలివాళ్లకు వేరే గ్లాసు పెట్టే మనిషి గనుక, ఏరడమంటే ఏమిటో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది.

"అట్ల కాదమ్మా, సైన్సు. మీరు నిదానం, వాళ్లు జోరు."

"నేను నిదానమా?"

మునిశేఖర్ భయపడి ఆమెను పెద్ద హాల్లోకి తోలాడు. అక్కడ వడ్డించేవాళ్లకు పొద్దున్నే చెప్పి పెట్టాడు, సగంమంది లేస్తే వరసంతా ఆకులు ఎత్తేయమని. కెంపమ్మ ఓళిగ, అంటే బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటుండగానే ఆకు ఎత్తేశారు.

తింటున్న మనిషి ముందు ఆకు ఎత్తడం కన్నా చెప్పుతో కొట్టడం నయం. కుప్పం వాళ్లు ఎక్కడివాళ్లక్కడ లేచి వ్యాను దారి పట్టారు. కూతురి సంబంధం తన చేతులతోనే చెడిపోతోందని మునిశేఖర్‌కు అర్థమైంది. అయినా నోరు ఊరుకోలేదు, వెంటపడి అణువుల సంగతి మొదలుపెట్టాడు.

"మీ పాప కూడా ఇట్లనే సైన్సు చేస్తాదా సార్?" అని అడిగాడు పెళ్లికొడుకు నాయన కృష్ణప్ప.

ఆ మాట ప్రీతి చెవిన పడింది. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చి, వరండా పొడుగునా తానే ఆకులు పరిచింది. "ఈడ కూర్సోండమ్మా. మా నాయన్ను నేను సూసుకుంటా," అని కెంపమ్మ చేయి పట్టుకుంది. రెండు హాళ్ల జనమూ బయటికొచ్చి దొరికినచోట కూర్చున్నారు. కాసేపటికి ఎవరు కుప్పమో, ఎవరు మదనపల్లెనో, ఎవరు నిదానమో తెలియకుండా కలిసిపోయారు.

రెండో ఓళిగ తిన్నాక కెంపమ్మ తేల్చేసింది. "పిల్ల మాది. నాయన మీకాడే ఉండనీ."

నిలబడి చూడడానికి ఖర్చేమీ లేదన్న మునిశేఖర్ చివరికి ఆకు ముందు కూర్చునేసరికి, వంటవాళ్లు గుండిగలు తోముతున్నారు.