గైడుగారింటి నుంచి వచ్చిన పళ్ళెం

జాజియాకి అన్నిటికన్నా పెద్ద భయం, తన భర్త నవ్వంతా పరాయి ఆడదాని పాలవుతోందని. పాపకి జ్వరం వస్తుందేమో, గ్యాసు కట్టేశానో లేదో, రోప్‌వే సరిగ్గా ఊరిని చీల్చే లోయ మధ్యలో ఆగిపోతుందేమో అని ఆమెకి రోజూ ఉండే భయాలు వేరే ఉన్నాయి. అవన్నీ దీని తర్వాతే.

భర్త లమీన్ గారు యూనివర్సిటీలో సాహిత్యం ప్రొఫెసరు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆవలిస్తారు. పాపకి పన్ను వచ్చిందంటే ఆవలింత, ఉల్లిపాయలు మండిపోతున్నాయంటే ఇంకాస్త పెద్ద ఆవలింత. అదే రుమైసా ఫోన్ చేసిందంటే మాత్రం గది తలుపు దగ్గరగా వేసుకుని కడుపు పట్టుకుని నవ్వుతారు. రుమైసా ఆయన గైడుగా పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. జాజియా ఏమో, తండ్రి పోయిన ఏడాది బడి మానేసింది. ఆ నవ్వుల్లో ఏముందో తెలుసుకునే చదువు తనకి లేదని ఆమె కుమిలిపోయేది.

ఆ గురువారం రుమైసా వైవా. పొద్దున్నే లమీన్ గారు అద్దం ముందు కొత్త టై కట్టుకుంటున్నారు.

"నేనూ రానా?" అంది జాజియా.

"పాపతోనా? పెద్ద పెద్దవాళ్ళు వస్తారు. ఇది గుక్కపెట్టిందంటే నా పరువేం కాను?" అని ఆవలించి వెళ్ళిపోయారు.

అత్తగారు ఖద్దూజా నారింజపూల నీళ్ళు కలిపిన కాఫీ తాగుతూ అంతా విన్నది. "పదవే, ఆ పిల్లెలా ఉంటుందో ఓసారి చూసొద్దాం."

"ఆయన వద్దన్నారు కదా అత్తయ్యా!"

"పాప ఏడిస్తే వద్దన్నాడు. ఏడవకపోతే వద్దన్నట్టు కాదు. వెనకాల కూర్చుందాం, మనమెవరమో ఎవరికీ చెప్పొద్దు. చూసి వచ్చేద్దాం."

అయితే ఖద్దూజాకి శుభకార్యానికి ఒట్టి చేతులతో వెళ్ళే అలవాటు లేదు. రాగి పళ్ళెం నిండా బక్లావా మిఠాయి సర్ది, పైన జరీ గుడ్డ కప్పి, జాజియా చేతికిచ్చింది. తను పాపని ఎత్తుకుంది.

హాలు పెళ్ళివారిల్లులా ఉంది. ముందు వరసల్లో చదువుకున్నవాళ్ళు, వెనక వరసల్లో రుమైసా మేనత్తలు, పిన్నులు, వాళ్ళ ఒళ్ళో మిఠాయి పెట్టెలు. వేదిక మీద పరీక్షకుల మధ్యలో లమీన్ గారు. ఎదురుగా రుమైసా. నిజంగానే అందంగా ఉంది. జాజియాకి ఆ మాత్రం ఆశ కూడా మిగల్లేదు.

అత్తాకోడళ్ళు వెనక వరసలో కూర్చుని రుమైసాని పాదం నుంచి తల దాకా చూశారు. ఖద్దూజా పక్కకి వంగి మరీ నడుం చూసింది. పక్కన కూర్చున్న రుమైసా మేనత్త ఫట్టూమ్ ఈ చూపుల్నీ చూసింది, జరీ గుడ్డ కప్పిన పళ్ళేన్నీ చూసింది.

జాజియా ఉండబట్టలేక ఆవిడ చెవిలో అడిగేసింది. "అమ్మాయికి సంబంధం ఏదైనా కుదిరిందా అండీ?"

"లేదమ్మా, ఇంకా ఎక్కడా మాటివ్వలేదు!"

జాజియా గుండె జారిపోయింది. ఫట్టూమ్ గుండె ఎగిరి గంతేసింది. ఆ ఊళ్ళో పళ్ళెంతో వచ్చి, పిల్లని ఎగాదిగా చూసి, సంబంధం కుదిరిందా అని అడిగేవాళ్ళు ఎవరో ఏ పసిపిల్లనడిగినా చెబుతుంది. వాళ్ళు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు!

"వంటా గింటా వచ్చా?" అంది ఖద్దూజా, రాదంటే బాగుండునని.

"బంగారం లాంటి చేయి, హాజ్జా!" అంది ఫట్టూమ్, మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడని పిలిచినంత గౌరవంగా. "మీకు అబ్బాయిలెంతమంది?"

సరిగ్గా అప్పుడే పాప గుక్కపెట్టింది. వేదిక మీద లమీన్ గారు తలెత్తి చూసేలోగా జాజియా పళ్ళెం అత్తగారి ఒళ్ళో పెట్టి, పాపని లాక్కుని వరండాలోకి పరిగెత్తింది.

"ఒక్కడే," అంది ఖద్దూజా. కొడుకు మాటెత్తితే ఆవిడ నోరు ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఎవరికీ చెప్పొద్దన్నది తనేనని కూడా మర్చిపోయింది. "ప్రొఫెసరు. అడుగో, వేదిక మధ్యలో, కొత్త టై!"

ఫట్టూమ్ పళ్ళెం మహాప్రసాదంలా అందుకుని, ఖద్దూజా నుదుట ముద్దు పెట్టింది. గైడుగారి తల్లికి ఈపాటి మర్యాద న్యాయమేనని ఖద్దూజా హాయిగా పెట్టించుకుంది.

పరీక్షకులు తీర్పు రాయడానికి లోపలి గదికి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేలోగా కబురు వెనక వరస నుంచి ముందు వరసకి పాకింది. ముందు వరసలో రుమైసా తల్లి కళ్ళు తుడుచుకుంది. "ఆయనతో ఫోన్ మాట్లాడినప్పుడల్లా పిల్ల ముఖం ఎందుకలా మారిపోయేదో ఇప్పుడర్థమైంది," అంది. పరీక్షకులు వచ్చి నిలబడ్డారో లేదో, ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ శుభకార్యపు కూతలు పెట్టారు. రుమైసా బాబాయి వేదికెక్కి లమీన్ గారిని కావలించుకున్నాడు. "అల్లుడూ! పిల్ల నీదే!"

అల్జీర్స్ నుంచి వచ్చిన చైర్మన్ ఖల్ఫల్లా గారు కళ్ళద్దాలు తీశారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. "గైడుకీ విద్యార్థినికీ సంబంధమా? అయితే నా చేతిలో ఉన్న ఈ తీర్పు చెల్లదు. సభ ముగిసింది."

రుమైసా తెల్లబోయింది. లమీన్ గారు టై వదులు చేసుకున్నారు. "నాకేం తెలీదు సార్! నాకు పెళ్ళయింది!"

"ఒకటయితే రెండోది కాకూడదని లేదుగా!" అంది ఫట్టూమ్.

వరండా గుమ్మంలో పాపతో నిలబడి జాజియా ఇదంతా విన్నది. తన మొగుడికి తనే పళ్ళెం మోసుకొచ్చి పిల్లని అడిగింది! ఇంకాసేపు ఊరుకుంటే ఈ కూతలతో సంబంధం ఖాయమైపోతుంది.

"ఆయన నా మొగుడు! ఈ పాప ఆయన కూతురు!" అని అరిచింది. "మేం సంబంధానికి రాలేదు. నేను కుళ్ళుకుని వచ్చాను!"

చైర్మన్ గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

"కుళ్ళుకోవడానికి ఆధారం?"

"ఆ అమ్మాయి ఫోన్ చేస్తే నవ్వుతారండీ. నాతో ఆవలిస్తారు."

"స్వయంగా చూశారా?"

"తలుపు సందులోంచి. ఫోన్ వచ్చినప్పుడల్లా."

"పరిశీలన ఓపిగ్గానే చేసింది," అన్నారు చైర్మన్ పక్కాయనతో. "ఆ నవ్వుకి వేరే కారణం ఉండొచ్చని ఆలోచించారా?"

"లేదండీ. భయమేసింది."

అప్పుడు రుమైసా ముందుకొచ్చింది. "అక్కా, ఆయన నవ్వింది నా రాతకి! అధ్యాయం పంపితే చాలు, ఫోన్‌లో వాక్యం వాక్యం నాకే చదివి వినిపించి నవ్వేవారు. ఆ నవ్వు విన్న రోజు నాకు అన్నం సహించేది కాదు. ఈయన ఒక్కసారి ఆవలిస్తే బాగుండునని ఎన్ని మొక్కులు మొక్కానో నీకేం తెలుసు!"

అందరూ లమీన్ గారి వైపు చూశారు. ఆయన బూట్ల వైపు చూసుకున్నారు.

"సంబంధం లేదని రుజువైంది," అన్నారు చైర్మన్. "ఇంత వేధించినవాణ్ణి ఏ పిల్లా చేసుకోదు." అని తీర్పు చదివారు. అత్యుత్తమ శ్రేణి. ఈసారి మొదటి కూత జాజియాదే.

"మరి ఈ పళ్ళెం వెనక్కి పట్టుకెళతారా?" అంది ఫట్టూమ్ దిగులుగా. అప్పటికే అందులో సగం ఖాళీ.

ఇప్పుడు రుమైసా రోజూ సాయంత్రం జాజియా దగ్గరికి వస్తుంది. ఇద్దరూ వంటింటి తలుపు వేసుకుని, లమీన్ గారు ఫోన్‌లో ఎలా గొంతు సవరించుకునేవారో, ఇంట్లో నోరెంత పెద్దగా తెరిచి ఆవలిస్తారో ఒకరికొకరు చేసి చూపించుకుంటారు. "ఏమిటంత ఇకఇకలు? నాకూ చెప్పొచ్చుగా," అని ఆయన తలుపవతల నుంచి అడుగుతారు. "మీకు అర్థం కాదులెండి," అంటుంది జాజియా. ఖద్దూజా కూడా వాళ్ళతో లోపలే ఉంటుంది.

మీరెవరైనా సాయంత్రం పూట అటుగా వెళితే, ప్రొఫెసరుగారిని ఒక్కసారి పలకరించి రండి. ఈమధ్య ఆయన ఆవలించడం కూడా మానేశారట.