టిఫిన్‌కి రండి

శనివారం పొద్దున పాతికమందికి ఇడ్లీ, పెసరట్టు, కాఫీ; బదులుగా వీధి మూల మీద కార్లు ఆగి వెళ్లేలా ఒక స్టాప్ బోర్డు. నీహారిక పథకం ఇంతే. ఆ మూలన కార్లు ఆగవు. బడికి వెళ్తూ అక్కడ రోడ్డు దాటే కూతురు తన్వికి మొన్న ఒక కారు తగలబోయి తప్పింది. అమెరికాలోని ఈ జెర్సీ సిటీకి మేయర్ పదవికి పోటీ చేస్తున్న హార్పర్, ఇరుగుపొరుగును కూడగడితే ఇంటికొచ్చి వింటానన్నాడు.

అన్నట్టే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. నీహారిక గొంతు సవరించుకునేలోపు బెల్ మోగింది. భర్త చక్రధర్ తలుపు తీసి, వెంటనే దగ్గరగా వేసి, వంటింట్లో ఉన్న తల్లి దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, డెల్గాడో వచ్చాడు. హార్పర్ మీద పోటీకి నిలబడ్డవాడు. మనమే పిలిచామట."

ధనమ్మ పెనం మీంచి చూపు తిప్పలేదు. "నేనే పిలిచాన్రా. బుధవారం వాళ్ల మనిషెవరో కాగితాలిచ్చి పోతుంటే, శనివారం టిఫిన్‌కి మీ నాయకుణ్ని కూడా తీసుకురమ్మన్నా. గుమ్మంలోకొచ్చినవాళ్లని ఆ మాత్రం అనమా?"

"అంటాం. కానీ ఎవరూ రారు కదమ్మా."

"నేనూ అదే అనుకున్నా."

ఇక్కడివాళ్లు పిలుపును క్యాలెండర్‌లో రాసుకుంటారని ఆమెకెవరూ చెప్పలేదు.

చక్రధర్ డెల్గాడోను పక్కదారిన గరాజ్‌లోకి తీసుకెళ్లి మడతకుర్చీ వేశాడు. వచ్చింది వాషింగ్ మెషీన్ మెకానిక్ అని హార్పర్‌కి చెప్పాడు. మెకానిక్‌కి వరసగా పెసరట్లు వెళ్లడం చూసి పొరుగువాళ్లు ప్లేట్లతో ఒక్కొక్కరే అటు నడిచారు. కాసేపటికి సోఫాలో హార్పర్ ఒక్కడే మిగిలాడు. తన జనాన్ని వెతుక్కుంటూ వెళ్లి గరాజ్ తలుపు తీశాడు.

ఇద్దరూ నవ్వుతూ చేతులు కలిపారు. స్టాప్ బోర్డు నేను పెట్టిస్తానంటే నేనని అదే నవ్వుతో వాదించుకుంటూ, జనాన్ని వెంటేసుకుని మూలకి వెళ్లారు. ఒక వ్యాన్ వచ్చింది. ఆగలేదు. మేయర్ కాబోయేవాళ్లిద్దరూ ఒకే పొదలోకి దూకారు. పక్కింటామె తీసిన వీడియో సాయంత్రానికి ఊరంతా చూసింది. ఇదంతా ఎదుటివాడి కోసం నీహారిక వేసిన ఎత్తని ఇద్దరూ నమ్మారు. ఆ తర్వాత రెండు ఆఫీసులూ ఆమె ఫోన్ ఎత్తలేదు.

"అత్తయ్యా, ఎలక్షన్ అయ్యేదాకా ఎవరొచ్చినా తలుపు తీయకండి. ప్లీజ్."

ధనమ్మ మాట తప్పే మనిషి కాదు.

ఎన్నికల్లో హార్పర్ ఓడాడు, డెల్గాడో ఓడాడు. గెలిచింది ఎవరూ లెక్కలోకి తీసుకోని మూడో అభ్యర్థి మిసెస్ కోల్. టీవీలో ఆమెను చూసి ధనమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఈవిడా? మొన్న వానలో గొడుగైనా లేకుండా మనింటికొచ్చింది, పాపం. ఆ వీడియో చూసిందో ఏమో, మూలకేసి చెయ్యి చూపిస్తూ చాలాసేపు బెల్ కొట్టింది. కర్టెన్ చాటునుంచి చూస్తూనే ఉన్నా."

నీహారిక టీవీ మీంచి అత్తగారివైపు తిరిగింది. "తలుపు తీయలేదా?"

"నువ్వే కదమ్మా వద్దన్నావు."

బయట మూల మీద ఒక కారు ఆగకుండా పోయిన చప్పుడు వినిపించింది.

ధనమ్మ లేచి వెళ్లి మళ్లీ పాతికమందికి పెసలు నానబోసింది.