పక్కింటి తుపాకుల చట్టం

మన నగరంలో తుపాకుల వల్ల ఏ ప్రమాదమూ లేదని, ఉన్న ప్రమాదమంతా పక్కింటివాళ్ల తుపాకుల వల్లనేనని విశ్వవిద్యాలయం వారి సర్వేలో శాస్త్రీయంగా రుజువైంది.

ఈ ఘనకార్యం సాధించినామె ప్రజావిధానాల శాఖలో పరిశోధకురాలు. ఆ ఏడాది పిల్లల చేతుల్లో తుపాకులు పందొమ్మిదిసార్లు పేలాయి. ఎందుకు పేలాయో కనుక్కుందామని ఆమెకు బుద్ధి పుట్టింది. నాలుగు వందల పన్నెండు ఇళ్లు తిరిగింది. పెద్దలంతా కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పారు. "మాది భద్రంగా ఉందమ్మా. పిల్లలకి ఆనవాలు కూడా తెలీదు. ఆ పక్కింటాయనే, ఎక్కడ పడితే అక్కడ పడేస్తాడు." పెద్దలు ఇలా చెబుతుండగానే పిల్లలు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు. చెప్పుల బీరువా వెనక. కుట్టుమిషన్ సొరుగులో. ఒక ఇంట్లో దుప్పట్ల మడతల కింద.

ఆ దుప్పట్ల ఇల్లు ఆమెదే. తుపాకీ వాళ్ల నాన్నది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

"దీనికి తాళమేది నాన్నా?"

"తాళం వేస్తే, దొంగొచ్చినప్పుడు కాసేపు కూర్చోమనాలా?"

ఆమె నాలుగేళ్ల కూతురు తాతయ్యను వెనకేసుకొచ్చింది. "తాతయ్యని తిట్టకమ్మా. నేను దాన్ని ముట్టుకోను. రోజూ నా బొమ్మకి చూపిస్తా, అంతే."

మాస్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆపలేదు. ఆ సాయంత్రమే ఇనప్పెట్టె తెచ్చి, తుపాకీ అందులో పెట్టి, తాళంచెవి తన కూతురి చేతికిచ్చాడు. "నేనడిగినా ఇవ్వకు" అన్నాడు.

సర్వే నివేదిక ప్రభుత్వ సంఘం ముందుకు వెళ్లింది. అధ్యక్షులవారు గంభీరంగా ప్రసంగించారు. "ప్రజలు ముక్తకంఠంతో ఘోషిస్తుంటే మేము చేతులు ముడుచుకు కూర్చోము! పక్కింటివాళ్లపై ఉక్కుపాదం మోపుతాము!" పిల్లలు చూపించిన చోట్ల మాటేమిటని ఆమె అడిగింది. పిల్లలకు ఓటు లేదని వారు దయతో గుర్తుచేశారు.

చట్టం వచ్చింది. 'ప్రతి పక్కింటివాడును తన తుపాకీకి విధిగా తాళము వేయవలెను.' సభలో ఒక్క పక్కింటివాడూ లేనందున ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. తనిఖీ అధికారులు వీధుల్లోకి దిగారు. మొదటి ఇల్లు రెండో ఇంటిని చూపించింది, రెండోది మూడోదాన్ని. వీధి చివర ప్రహరీగోడ దాకా వెళ్లి, 'పక్కింటివాళ్లు పరారీలో ఉన్నారు' అని రాసుకుని వెనుదిరిగారు.

పరిశోధకురాలు ఉండబట్టలేక శాఖాధిపతి గదికి వెళ్లింది.

"తాళం వేసిన ఇల్లు ఒకటుంది సార్. పిల్ల నోటి మాట విని ఆ పెద్దాయన మారాడు. కనీసం దాని గురించైనా రాద్దాం."

"చూశానమ్మా" అన్నారాయన, కాగితాల మీంచి తలెత్తకుండా. "నాలుగు వందల పదకొండు ఇళ్లు ఒక దారిలో పోతుంటే అదొక్కటీ ఇంకో దారి. సగటు పాడుచేస్తోంది. తీసేశాను."

ఇప్పుడు లెక్క చక్కగా కుదిరింది. పాఠకులు కంగారు పడనక్కర్లేదు. మీ ఇల్లు తీసెయ్యలేదు.