రెండు ఇడ్లీల ఉపవాసం

శనివారం పొద్దున్నే సాలమోను మాస్టారు ఆ రోజు టైంటేబుల్ తెల్లకాగితం మీద రాసుకున్నారు. ఏడింటికి చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు. తొమ్మిదిన్నరకి రాజోలు నుంచి కారులో బయల్దేరడం. పదకొండుకి కొత్తపేటలో సత్యప్రసాద్ గారింట్లో పెళ్ళి మాటలు. పన్నెండున్నరకి మజ్జిగన్నం, నాలుగు ముద్దలు. రెండింటికి తిరుగు ప్రయాణం. ఆయన హెడ్మాస్టరు. ఆయన టైంటేబుల్‌ని ధిక్కరించగలిగింది లోకంలో ఒక్కటే. ఆయన కడుపు.

నాలుగు నెలల క్రితం ఆయనకి గాల్‌బ్లాడరు తీసేశారు. రాళ్ళు పోయాయి, రాళ్ళున్న సంచీ పోయింది. నొప్పి మాత్రం, ఇల్లు అమ్మేసినా ఖాళీ చెయ్యని అద్దెవాడిలా, కుడి డొక్కలో అలాగే కూర్చుంది. నూనో నెయ్యో కడుపులో పడితే సరిగ్గా పావుగంట. పదహారో నిమిషానికి ఆయన పరుగులో ఉంటారు. ఆపరేషన్ అయ్యాక ఇంకా నొప్పేమిటని డాక్టరు నవ్వుతాడేమోనని మళ్ళీ అటు వెళ్ళలేదు.

కారెక్కగానే భార్య రాహేలు మొదలుపెట్టింది. "గ్రేసమ్మగారింట్లో భోజనం వద్దంటే సంబంధం వద్దన్నట్టేనండీ. వాళ్ళబ్బాయి శ్యామ్ బాబుకి ముమ్మిడివరం సంబంధం ఎందుకు తప్పిపోయిందనుకున్నారు? పిల్ల తండ్రి కోడికాలు సగం వదిలేసేడంట!"

"నాకు పడదని చెప్పేస్తే?"

"చెప్పండి. పిల్ల తండ్రి రోగిష్టి అని వాళ్ళే ఊరంతా చెప్పుకుంటారు. శ్యామ్ బాబుని తప్ప చేసుకోనని మనమ్మాయి రెండేళ్ళనించీ కూర్చుంది. మీ కడుపు కోసం దాని పెళ్ళి పోగొట్టండి."

మాస్టారు కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కుడి డొక్క నొక్కుకున్నారు. సుస్మిత ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆ పెళ్ళి కోసం ఆయన ఏమైనా చేస్తారు. తినడం ఒక్కటీ తప్ప.

కొత్తపేటలో కారు ఆగీ ఆగకముందే నేతివాసన గేటు దాకా ఎదురొచ్చింది. కాబోయే వియ్యంకుడు సత్యప్రసాద్ గుమ్మంలో చేతులు జోడించాడు. "వందనాలండీ బావగారూ, రండి రండి." ఆయన వెనకే భార్య గ్రేసమ్మ, చేతిలో పళ్ళెంతో. పళ్ళెంలో బొబ్బట్లు. బొబ్బట్ల మీద నెయ్యి ఎంతుందంటే, అవి తేలుతున్నాయి.

"ముందు నోరు తీపి చేసుకోండి అన్నయ్యగారూ. తరవాత కోడి పలావు, రొయ్యల వేపుడు, వేటమాంసం. ఏదీ వద్దనకూడదు మరి!"

మాస్టారు పళ్ళెం వంక చూశారు. తలుపు తీసున్న పడగ్గదిలోంచి దొడ్డి వరండా, దాని చివర బాత్రూమూ కనిపిస్తున్నాయి. నలభై అడుగులుంటుంది. కడుపు అప్పుడే లెక్కలు కడుతోంది. ఆయన నోరు ఆయన్ని అడక్కుండానే తెరుచుకుంది.

"ఇవాళ నేను ఉపవాస ప్రార్థనలో ఉన్నానమ్మా."

రాహేలు చేతిలో మంచినీళ్ళ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. పొద్దున ఆ ఇడ్లీలు వేసింది ఆవిడే.

గ్రేసమ్మ మొహం మాడలేదు. వెలిగింది. "దేని గురించండీ?"

"పిల్లల... పెళ్ళి గురించి."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ గ్రేసమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "విన్నారా? మన పిల్లాడి కోసం పిల్ల తండ్రి పస్తుంటే మనం పలావు తింటామా? ఇవాళ ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టుకోడానికి లేదు!"

"ఆయ్," అన్నాడు సత్యప్రసాద్. ఆ మాటలో ప్రాణం లేదు.

గ్రేసమ్మ గిన్నెల మీద మూతలు పెట్టేసి పాస్టరు గారికి ఫోన్ చేసింది. అరగంటలో పాస్టరు గారు వచ్చారు. వెంట చర్చి స్త్రీల సమాజం, పదకొండుమంది. హాల్లో చాపలు పడ్డాయి. వంటింట్లోంచి పలావు వాసన, హాల్లో పాటలు. పన్నెండున్నరకి సమాజంలో చిన్నావిడ అడిగింది, "ఎన్నింటి దాకా అండీ?" పాస్టరు గారు మాస్టారి వైపు చూశారు. "హెడ్మాస్టరు గారు ఎప్పుడంటే అప్పుడు." మాస్టారు నాలుగని నోరు జారారు. పదకొండుమందీ నిట్టూర్చారు. భక్తితో అనుకున్నారు పాస్టరు గారు.

ఒంటిగంట దాటేసరికి అసలు మోసం బయటపడింది. తింటేనే కాదు, తినకపోయినా ఆ కడుపు ఊరుకోదు. ఖాళీ పొట్టలో పైత్యం మంటెత్తింది. మాస్టారు మెల్లగా లేచి బాత్రూములో దూరారు. పదినిమిషాలకి తిరిగొచ్చి కూర్చున్నారు. మళ్ళీ లేచారు.

"అటెక్కడికండీ అస్తమానం?" ఎవరో గుసగుసగా అడిగారు.

"ఏకాంత ప్రార్థనకండీ," అంది గ్రేసమ్మ. "వినండి, ఎంత భారంతో మూలుగుతున్నారో!"

మూలుగు నిజమే. స్త్రీల సమాజం కళ్ళు తుడుచుకుంది. రాహేలు కొంగు నోట్లో కుక్కుకుంది. అదీ ఏడుపే అనుకున్నారు.

నాలుగు కావస్తుండగా మాస్టారు మళ్ళీ వెళ్ళేసరికి బాత్రూము తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఆయనకి చెమటలు పట్టాయి. ఒంటికాలి మీద, మరో కాలి మీద, మళ్ళీ ఒంటికాలి మీద నిలబడ్డారు. తలుపు తెరుచుకుంది. సత్యప్రసాద్ బయటికొచ్చాడు, డొక్క పట్టుకుని. ఇద్దరూ ఒకరి చెయ్యి ఎక్కడుందో ఒకరు చూసుకున్నారు.

"కుడివైపేనా?" అన్నాడు సత్యప్రసాద్.

"ముందు దారివ్వండి బావగారూ, తరవాత చెబుతాను."

అయిదు నిమిషాల తరవాత దొడ్డి వరండాలో ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పైకెత్తి నిలబడి ఉన్నారు. ఒకరి పొట్ట మీద నాలుగు చిన్న మచ్చలు, రెండోవారి పొట్ట మీద నాలుగు.

"నాది రెండేళ్ళండి," అన్నాడు సత్యప్రసాద్.

"నాది నాలుగు నెలలు. ఇది ఇంక జన్మకి పోదనుకుంటున్నాను."

"నేనూ అలాగే ఏడ్చేను. మళ్ళీ డాక్టరు దగ్గిరికెళ్తే ఆయన నవ్వలేదండీ. గొట్టంలో రాయేదైనా మిగిలిందేమోనని స్కానింగు చేసేరు, లేదన్నారు. సంచీ లేదు కాబట్టి పైత్యరసం పొద్దస్తమానం కారుతుంటుందంట. నీళ్ళలో కలుపుకోడానికి పౌడరు రాసేరు. కొంచెం కొంచెం నాలుగైదు సార్లు తినమన్నారు. పస్తు మాత్రం ఉండద్దన్నారు. ఆ పౌడరుతోనే బాగుపడ్డానండి. ఇవాళ మీ ధర్మమా అని మళ్ళీ మొదలైంది. నాకు నెయ్యి పడదని మా ఆవిడకి ఈ రోజుకీ తెలీదు."

"చెప్పలేదా?"

"దానికా? నేతిగిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడితే చెప్పగలిగేరా మీరు?"

"చెప్పలేకేగా ఉపవాసం అన్నాను!" అన్నారు మాస్టారు. అనేశాక వెనక్కి తిరిగారు.

గుమ్మంలో గ్రేసమ్మ ఉంది. ఆవిడ వెనక పాస్టరు గారు, ఆయన వెనక పదకొండుమందీ. ముగింపు ప్రార్థనకి పిలవడానికి వచ్చారట.

మాస్టారు చొక్కా దించుకున్నారు. "తప్పు నాదమ్మా. పొద్దున రెండు ఇడ్లీలు తినే వచ్చేను. నాకు నూనె, నెయ్యి పడవు. వద్దంటే మా అమ్మాయి పెళ్ళి చెడిపోతుందని భయపడ్డాను. నన్ను ఏమన్నా అనండి, దాన్ని కాదనకండి."

గ్రేసమ్మ గిర్రున తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. రాహేలు చేతిసంచీ సర్దుకుంది, కారు ఎక్కడానికే.

గ్రేసమ్మ తిరిగొచ్చింది, చేతిలో ఓ చిన్న గిన్నెతో. "ఆనపకాయ కూరండి. చుక్క నూనె లేదు. రెండేళ్ళనించీ మీ బావగారికి వేరే వండుతున్నాను. పైన కాస్త కారం చల్లితే అందరి కూరే అనుకుని తింటారు."

సత్యప్రసాద్ నోరు తెరిచాడు. "మరి నెయ్యి? రోజూ వేస్తావుగా!"

"పప్పు మీది తేటనీళ్ళండీ అది. పసుపు వేస్తాను." మాస్టారి వైపు తిరిగింది. "తినలేదని సంబంధాలు వదులుకుంటామా అన్నయ్యగారూ? ముమ్మిడివరం పిల్ల మా వాడికి ఇష్టం లేదు. అప్పటికే మీ సుస్మిత పేరు చెప్పేడు. ఆళ్ళకేదో ఒకటి చెప్పాలి కదాండీ, కోడికాలు అడ్డంపెట్టేం."

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "అయితే ప్రార్థన ఆలకించబడినట్టేనమ్మా. ఇంక మూతలు తీస్తే..."

ఆయన మాట పూర్తికాలేదు. స్త్రీల సమాజం అప్పటికే వంటింట్లో ఉంది.

వరండాలో ఇద్దరు వియ్యంకులకీ వేరే ఆకులు పడ్డాయి. ఆనపకాయ కూర, మజ్జిగన్నం. మాస్టారు నాలుగు ముద్దలు తిని గడియారం ముందు పెట్టుకున్నారు. పది నిమిషాలు. పావుగంట. పదహారు. డొక్కలో నొప్పి ఉంది, కానీ ఉన్నచోటనే ఉంది. ఇరవయ్యో నిమిషానికి ఆయన అయిదో ముద్ద అడిగారు. జేబులోంచి టైంటేబుల్ తీసి కింద ఇంకో గీత రాసుకున్నారు. సోమవారం, తొమ్మిది గంటలు, డాక్టరు.

పెళ్ళి మూడు నెలలకి ఖాయమైంది. స్త్రీల సమాజం ఆ యేడు చేసిన ఉపవాస ప్రార్థనలన్నిటిలోకీ వెంటనే ఫలించింది, ఇడ్లీలు తిని మొదలుపెట్టిన అదొక్కటే.