కమిటీ నడుము, జట్టు మోకాలు

ఆటగాళ్లకు దెబ్బలు తగలకూడదంటే ఏం చేయాలి? వాళ్ల వ్యాయామాలు నిర్ణయించే పని ఎన్నడూ ఆడని వాళ్లకు అప్పగించాలి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మా చిన్నమ్మాయి ఆడే వాలీబాల్ క్లబ్బులో గాయాల నివారణ కమిటీ వేశారు. తల్లిదండ్రుల తరఫున నన్ను తీసుకున్నారు. మా ఆవిడ పోయాక సాయంత్రాలు బొత్తిగా కదలడం మానేశాయి. అలాంటి వేళ ఎవరో పిలిచి, కుర్చీ జరిపి, వేడి టీ చేతికిస్తే అంతకన్నా ఏం కావాలి?

చేతులు కాలాక ఆకులు పట్టుకునే రోజులు పోయాయండీ. మేం చేతులు కాలకముందే ఆకుల మీద చర్చ పెట్టాం!

ఆటకు ముందు పిల్లలు ఏ వ్యాయామాలు చేయాలన్నది విషయం. అధ్యక్షులవారు బ్యాంకు మేనేజరు. ఆయన తల పక్కకు తిప్పబోయి, సగంలో ఆగిపోయి, "ముందు మెడ!" అన్నారు. ఆమోదించాం.

పళ్ల డాక్టరు రోజంతా వంగి పనిచేసే మనిషి. "నడుముకి రెండు రకాలు పెట్టండి సార్. పడేవాడికి తెలుస్తుంది బాధ!" అన్నాడు. పెట్టాం. లాయరుగారికి పొద్దున్నే మడమ నేల మీద ఆనదట. మడమకూ పెట్టాం. నా వంతు వచ్చింది. పై అరలో డబ్బా అందడం లేదని కాస్త మొహమాటంగానే చెప్పాను. వెంటనే భుజాన్ని చేర్చారు. ఎంత మంచివాళ్లో!

అప్పటి నుంచి పిల్లలు వరసగా నిలబడి మేనేజరు మెడ, డాక్టరు నడుము, లాయరు మడమ, నా భుజం సాగదీస్తున్నారు. పర్యవేక్షణ పేరుతో మేమూ వాళ్ల వెనకాల నిలబడి చేస్తున్నాం. అంతా పూర్తయ్యేసరికి డాన్సు క్లాసువాళ్లు వచ్చి హాలు ఖాళీ చేయమంటారు. బంతి సంచిలోంచి బయటికి రాదు. ఒక్కరికీ గాయం లేదు! ఇంతటి ఫలితం ఏ దేశంలోనైనా చూశారా?

నాకిప్పుడు పై అర అందుతోంది కూడా.

ఒక సాయంత్రం మాత్రం మా అమ్మాయి రెయిలింగు పట్టుకుని, పీతలా పక్కకు తిరిగి మెట్లు దిగుతూ కనిపించింది.

"ఏమైందమ్మా?"

"మోకాలు నాన్నా. మ్యాచుల్లో ఎగిరి దిగినప్పుడల్లా లోపలికి వాలిపోతోంది. మెత్తగా దిగడం ఎలాగో ముందు నేర్పాలంటోంది కోచ్ అక్క. అది పెట్టించవా?"

"కమిటీలో చెబుతాలే."

"ఫైనల్ ఆదివారం. మీ కమిటీ ఎప్పుడు?"

"సోమవారం."

"సరే, అప్పటిదాకా ఆగమని నా మోకాలికి నచ్చజెబుతాలే!"

మాట తగిలింది. మేనేజరుగారికి ఫోన్ చేశాను.

"మోకాలా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మనలో ఎవరికీ లేదే!"

ఆదివారం కోచ్ వచ్చి అమ్మాయి మోకాలికి పట్టీ వేసి, "నొప్పనిపిస్తే చెయ్యెత్తు, ఆటలోంచి తీసేస్తా" అని మరీ మరీ చెప్పింది. మా అమ్మాయి వింటుందా! నెట్ దగ్గర ఎగిరింది. ఎగరడం చక్కగానే ఎగిరింది. దిగడమే, పాపం, మా ప్రణాళికలో లేదు.

కమిటీ అంతా పరుగున వచ్చింది. మేనేజరుగారి మెడ ఎటు కావాలంటే అటు తిరుగుతోంది. డాక్టరు అవలీలగా వంగి చూశాడు. మెడ, నడుము, మడమ, భుజం నాలుగూ నిక్షేపంలా ఉన్నాయని తేల్చి, ఒకరినొకరు అభినందించుకున్నారు. మా అమ్మాయి మోకాలి మీద ఐసు పెట్టుకుని నా వైపు చూసింది. విప్పిన పట్టీ నా చేతిలో పెట్టింది.

ఈ ఏడాదికి ఇక ఆట లేదని ఎముకల డాక్టరు చెప్పాడు.

సోమవారం కమిటీ పెద్దమనసు చేసుకుంది. మోకాలి నొప్పి ఉన్న సభ్యులు లేని లోటు తీర్చడానికి మా అమ్మాయిని కమిటీలో చేర్చుకుంది. మెత్తగా దిగే వ్యాయామం ఆ పూటే ఆమోదం పొందింది. ఇప్పుడు జట్టులో మరో పిల్ల వచ్చి తన చీలమండ కలుక్కుమంటోందని చెప్పబోతే, మేనేజరుగారు ఆప్యాయంగా వారించారు.

"తొందరపడకమ్మా. ఇంకా బాగానే నడుస్తున్నావుగా!"